ఎక్స్-37బి

అమెరికా సైన్యం వాడుతున్న, మనుషులు లేని అంతరిక్ష విమానం. తయారీ బోయింగ్ సంస్థది. రాకెట్ కొనమీద నిలువుగా బయలుదేరి, పని ముగిశాక విమానంలా రన్‌వే మీద తనంత తానే దిగుతుంది. పొడవు సుమారు 8.9 మీటర్లు, అంటే స్పేస్ షటిల్‌లో దాదాపు నాలుగో వంతు. బయలుదేరేటప్పుడు బరువు దాదాపు 5 టన్నులు.

పుట్టుక 1999 నాటి నాసా పథకంలో ఉంది. 2004లో అది రక్షణ పరిశోధన సంస్థ డార్పాకు, 2006లో వైమానిక దళానికి మారింది. అందుకే కొందరు దీని చరిత్రను 1999 నుంచి, మరికొందరు 2006 నుంచి లెక్కిస్తారు. కక్ష్యలోకి వెళ్ళిన వాహనం గురించే అయితే రెండో లెక్క సబబు.

సైన్యం దీన్ని ఎందుకు ఎంచుకుందో తెలియాలంటే షటిల్ దగ్గర మొదలుపెట్టాలి. 18 మీటర్ల సరుకు అర, దిగేటప్పుడు దారికి పక్కగా దాదాపు 2,000 కిలోమీటర్లు జారగల రెక్కలు: షటిల్‌కు ఈ రెండూ రావడంలో వైమానిక దళం కోరికల పాత్ర పెద్దది. 1985 జనవరిలో పూర్తిగా సైన్యం కోసమే ఒక యాత్ర జరిగింది. మరుసటి ఏడాది జనవరి 28న ఛాలెంజర్ అనే షటిల్ పేలి ఏడుగురు మరణించారు. షటిళ్ళు 1988 సెప్టెంబరు దాకా ఎగరలేదు. వాటి కోసమే రూపొందిన నిఘా ఉపగ్రహాలూ నేలమీదే ఉండిపోయాయి. కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో కట్టిన షటిల్ ప్రయోగ వేదిక నుంచి ఒక్క షటిల్ కూడా లేవలేదు. సైన్యం టైటాన్ రాకెట్ల వైపు తిరిగింది. మనుషుల ప్రాణాలతో ముడిపడిన వాహనం మీదే ఆధారపడకూడదన్న పాఠం ఆనాటిదే.

మనిషి లేకపోతే గాలి, నీరు, తిండి అక్కర్లేదు. షటిల్ అతి దీర్ఘ యాత్ర 18 రోజులకు లోపే. 270 రోజులకని రూపొందించిన ఎక్స్-37బి తొలి యాత్రలో (2010) 224 రోజులు, ఆరో యాత్రలో (2020–22) 908 రోజులు కక్ష్యలో ఉంది. అయితే అసలు ఆకర్షణ తిరిగి రావడమే అనిపిస్తుంది. మామూలు ఉపగ్రహంలో పరికరం చెడితే కారణాన్ని దూరం నుంచి ఊహించాలి. ఇందులో వెళ్ళినదాన్ని ప్రయోగశాల బల్లమీద పెట్టి విప్పి చూడవచ్చు. కక్ష్య మార్చుకునే శక్తి మరో కారణం. ఇది ఎక్కడ తేలుతుందో ముందుగా లెక్కగట్టడం ప్రత్యర్థులకు కష్టమని 2019లో మాజీ వైమానిక దళ కార్యదర్శి హెదర్ విల్సన్ బహిరంగంగానే అన్నారు.

దీని పనిపై భిన్న కథనాలున్నాయి. ఇది ఆయుధమని కొందరు, 2012 ప్రాంతంలో చైనా అంతరిక్ష ప్రయోగశాల తియాంగాంగ్-1ను గమనించిందని మరికొందరు రాశారు. రెండింటి కక్ష్యల వాలు దాదాపు ఒకటే అయినా తలాలు వేరు; అలాంటప్పుడు క్షణకాలం ఎదురుపడటమే తప్ప నిలకడైన నిఘా సాధ్యం కాదు. బయటపెట్టిన ప్రయోగాలు (హాల్ థ్రస్టర్ అనే విద్యుత్ చోదక యంత్రం, ఉష్ణ వాహికలు, సౌరశక్తిని సూక్ష్మతరంగాలుగా మార్చే పలక) పరీక్షా వేదిక అన్న వివరణకే ఎక్కువ బలమిస్తాయి. సరుకు అర చిన్న ట్రక్కు తొట్టె అంతే ఉండటమూ ఆ వైపే చూపుతుంది.

ఏడో యాత్ర 2023 డిసెంబరు 28న మొదలైందని కొన్నిచోట్ల, 29న అని కొన్నిచోట్ల కనిపిస్తుంది. మొదటిది ఫ్లోరిడా సమయం, రెండోది అంతర్జాతీయ సమయం. 2025 ఆగస్టులో బయలుదేరిన ఎనిమిదో యాత్రలో లేజర్ సమాచార పరికరాలతో పాటు, జీపీఎస్ అందనిచోట దారి చూపే క్వాంటం సెన్సర్‌ను పంపారు.