మానసిక ఆఘాత చికిత్స: కొలమానాల చరిత్ర

ప్రాణభయం కలిగించిన ఘటన ముగిసి నెలలు, ఏళ్లు గడిచినా అది పీడకలగానో, పట్టపగలు కళ్లముందు కదలాడే దృశ్యంగానో మళ్లీ మళ్లీ రావడం, దానిని గుర్తుచేసే చోటుకు, మాటకు, మనిషికి దూరంగా తొలగిపోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతూ నిద్ర కోల్పోవడం అనే లక్షణాల సముదాయాన్ని నేటి వైద్యశాస్త్రం పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని, క్లుప్తంగా పీటీఎస్‌డీ అని వ్యవహరిస్తుంది. ఈ బాధకు వైద్యులు చికిత్స చేయడం నూట యాభై ఏళ్లకు పైగా సాగుతున్నదే గాని, చేసిన చికిత్స నిజంగా పనిచేసిందా అని పక్కన మరొక బృందాన్ని పెట్టి పోల్చి చూడడం మొదలై సుమారు నలభై ఏళ్లే అయింది. శాస్త్రీయ పద్ధతి తెలియకపోవడం ఒక్కటే ఈ జాప్యానికి కారణం కాదు. రోగి కోలుకున్నాడని తేల్చే కొలత ఏదో, ఆ కొలతను పెట్టే అధికారం ఎవరిదో నిర్ణయించే చోట చాలాకాలం రోగికి స్థానం లేకపోవడం అంతకంటె పెద్ద కారణం.

పంతొమ్మిదో శతాబ్దపు వైద్యులు ఈ బాధకు మూలాన్ని శరీరంలోనే వెతికారు. అమెరికా అంతర్యుద్ధంలో గుండెదడ, ఆయాసం, ఛాతీనొప్పితో వచ్చిన సైనికులను పరిశీలించిన ఫిలడెల్ఫియా వైద్యుడు జేకబ్ మెండెస్ డా కోస్టా 1871లో దానిని గుండెకు సంబంధించిన రుగ్మతగా వర్ణించి, విశ్రాంతిని, డిజిటాలిస్ అనే గుండె మందును సూచించాడు. అంతకు ముందే 1866లో లండన్ సర్జన్ జాన్ ఎరిక్ ఎరిక్సెన్, రైలు ప్రమాదాల నుంచి పైకి గాయం లేకుండా బయటపడి ఆ తరువాత కుంగిపోయినవారి వెన్నుపాముకు కుదుపు తగిలి ఉంటుందని వాదించగా, 1883లో ఒక రైల్వే కంపెనీ సర్జన్ హెర్బర్ట్ పేజ్ దానికి కారణం వెన్నుపాము కాదని, భయమేనని ప్రతివాదించాడు. ఆ వివాదం నష్టపరిహారపు దావాల చుట్టూ తిరిగింది గనుక, బాధితుడు నిజంగా రోగేనా అన్న ప్రశ్నే అక్కడ ప్రధానమై, అతనికి ఏది మేలు చేస్తుందన్న ప్రశ్న వెనక్కి పోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ సమస్యను దాచడానికి వీలులేనంత పెద్దది చేసింది. కేంబ్రిడ్జి మనస్తత్వ శాస్త్రవేత్త చార్లెస్ మయర్స్ 1915 ఫిబ్రవరిలో లాన్సెట్ పత్రికలో ముగ్గురు సైనికుల స్థితిని వివరిస్తూ షెల్ షాక్ అనే పేరును ముద్రణలోకి తెచ్చాడు. ఫిరంగి గుండు పేలుడు తాకిడి వల్ల కలిగిన స్థితి అని దాని భావం. గుండు పేలిన చోటుకు దరిదాపుల్లో లేనివారిలో కూడా అవే లక్షణాలు కనబడడంతో ఆ పేరు తగినది కాదని మయర్స్ స్వయంగా గ్రహించాడు గాని, అప్పటికే అది జనం నోట స్థిరపడిపోయింది.

ఎడిన్‌బరో సమీపంలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో అధికారులకు చికిత్స చేసిన డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్, నీలగిరులలోని తోడా జాతి జీవనాన్ని అధ్యయనం చేసి 1906లో గ్రంథం వెలువరించిన మానవశాస్త్రవేత్త కూడా. ఎదుటివాడి మాటను ఓపికగా, తీర్పు చెప్పకుండా వినే అలవాటు ఆయన వైద్యంలో ఉన్నదంటే, ఆ నీలగిరి నెలల శిక్షణకు అందులో కొంత పాలు ఉన్నదని భావించడం అసమంజసం కాదు. జరిగినదంతా మరిచిపొమ్మని సైనికులకు ఇచ్చే సలహాయే వారి బాధను పెంచుతున్నదని 1918లో లాన్సెట్‌లో వచ్చిన వ్యాసంలో ఆయన వాదించాడు. పేలుడులో ఛిన్నాభిన్నమైన మిత్రుని దేహాన్ని చూసి, రాత్రివేళ అదే దృశ్యాన్ని కలగంటూ భీతిల్లే ఒక అధికారి కథ అందులో ఉన్నది. దేహం ఆ స్థితిలో ఉన్నదంటే మిత్రుడు బాధపడే వ్యవధి లేకుండా క్షణంలోనే మరణించాడని అర్థం అని రివర్స్ అతనికి చూపించగా, కొన్ని రాత్రులు కల రాలేదు. తరువాత వచ్చిన కలలో అతడు మిత్రుని పక్కన మోకరిల్లి, కుటుంబానికి పంపవలసిన వస్తువులను తీస్తూ మేల్కొన్నాడు. మేల్కొన్నప్పుడు ఏడుపు ఉన్నది గాని, వెనకటి భీతి లేదు. అదే వ్యాసంలో మరొక అధికారి అనుభవంలో ఊరటనిచ్చే కోణం ఒక్కటీ దొరకక తన పద్ధతి పనిచేయలేదని రివర్స్ దాచకుండా రాశాడు. ఓటమిని విజయం పక్కనే అచ్చువేసిన ఈ నిజాయితీ తరువాతి పరిశోధనకు పునాదుల్లో ఒకటి.

అదే కాలంలో లండన్ క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో లూయిస్ యీలండ్ మాట పడిపోయిన సైనికుల గొంతుకు విద్యుత్తు పెట్టి మాట తెప్పించేవాడు. తలుపు తాళం వేసిన చీకటి గదిలో, మాట్లాడేవరకు బయటికి పోనివ్వనని చెప్పి, ఒక యువ సైనికుడికి నాలుగు గంటల పాటు ఏకధాటిగా ఈ చికిత్స చేసినట్టు 1918లో తన పుస్తకంలోనే ఆయన నమోదు చేశాడు. రివర్స్ పద్ధతికీ దీనికీ మానవీయతలో ఎంత దూరమున్నా, ఇద్దరూ పనిచేసిన సైనిక వ్యవస్థకు విజయమంటే ఒకటే: రోగి తిరిగి విధుల్లో చేరడం. క్రెయిగ్‌లాక్‌హార్ట్‌లోనే ఆర్థర్ బ్రాక్ చికిత్సలో కోలుకున్న కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ తిరిగి రణరంగానికి వెళ్లి, యుద్ధం ముగియడానికి వారం ముందు, 1918 నవంబరు 4న మరణించాడు. ఆనాటి కొలత ప్రకారం ఆ చికిత్స సఫలమైనట్టే లెక్క. ఆ కొలతలోని క్రూరత్వం చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అవసరం లేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి పద్ధతులు మారాయి గాని కొలత మారలేదు. ఉత్తర ఆఫ్రికాలో అమెరికన్ వైద్యులు రాయ్ గ్రింకర్, జాన్ స్పీగెల్ మత్తునిచ్చే పెంటథాల్‌ను నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తూ, రోగిని వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమని, మాట తడబడే వేళకు అతడు తిరిగి యుద్ధంలో ఉన్నట్టు సూచించి, అణగిన భయం బయటికి పొంగేలా చేసేవారు. ఆ దృశ్యాలు చూసినవారికి చికిత్స ఫలించిందన్న నమ్మకం సహజంగానే కలిగేది. అయితే అదే విశ్రాంతి, అదే ఆహారం, అదే ఆదరణ మత్తుమందు లేకుండా పొందినవారు ఎంతమంది కోలుకున్నారన్న లెక్క ఎవరూ తీయలేదు. క్షయకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని, రోగులను ఎవరి ఇష్టానికీ తావులేకుండా యాదృచ్ఛికంగా రెండు బృందాలుగా విభజించి పరీక్షించిన బ్రిటిష్ అధ్యయనం 1948లోనే వెలువడింది. ఊపిరితిత్తులకు దక్కిన ఆ జాగ్రత్త గాయపడిన మనసుకు దక్కడానికి మరో నాలుగు దశాబ్దాలు పట్టింది.

పేరే లేని రోగానికి చికిత్సను పరీక్షించడం సాధ్యం కాదు. అమెరికన్ మనోవైద్య సంఘం 1952 నాటి రోగవర్గీకరణలో తీవ్ర ఒత్తిడికి కలిగే ప్రతిస్పందన ఒకటి ఉండగా, 1968 నాటి రెండో కూర్పులో అది కూడా తొలగిపోయింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన మాజీ సైనికులు 1970లో న్యూయార్క్‌లో తమ అనుభవాలను తామే చెప్పుకునే బృందాలుగా కూడినప్పుడు మనోవైద్యులు రాబర్ట్ జే లిఫ్టన్, ఖైమ్ షాటన్ వారి మధ్య కూర్చుని విన్నారు. 1974లో బోస్టన్‌లో ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రామ్ అత్యాచార బాధితురాళ్లలోనూ ఇదే తరహా లక్షణాలను నమోదు చేశారు. ఈ రెండు పాయలు కలిసి 1980 నాటి మూడో కూర్పులో పీటీఎస్‌డీ అనే స్వతంత్ర రోగనామంగా స్థిరపడ్డాయి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలమందిని పొట్టనబెట్టుకున్నప్పుడు, బతికి బయటపడినవారిని ఏళ్ల తరబడి వెంటాడిన భయానికి వైద్యుల వర్గీకరణలో ఈ పేరు ఇంకా లేదు.

పేరు వచ్చాక కొలత వచ్చింది. అమెరికా ప్రభుత్వం 1989లో మాజీ సైనికుల కోసం నెలకొల్పిన జాతీయ పీటీఎస్‌డీ కేంద్రంలోని పరిశోధకులు 1990లో క్యాప్స్ అనే ముఖాముఖి ప్రశ్నావళిని రూపొందించారు. పదిహేడు లక్షణాలలో ప్రతిదానికీ అది ఎంత తరచుగా వస్తున్నది, ఎంత తీవ్రంగా ఉన్నది అని సున్నా నుంచి నాలుగు వరకు రెండు అంకెలు అప్పట్లో వేసేవారు. పీడకలల విషయానికి వస్తే, గత నెలలో ఎన్నిసార్లు వచ్చాయి, నిద్ర లేపాయా, లేచినప్పుడు ఏం చేస్తున్నారు, తిరిగి నిద్రపట్టడానికి ఎంతసేపు పట్టింది అని అడుగుతారు. రోగి విధుల్లో చేరాడా అన్న ప్రశ్న స్థానంలో రాత్రి ఎలా గడిచిందన్న ప్రశ్న రావడం ఈ చరిత్రలో అతిపెద్ద మలుపు, ఎందుకంటే దానికి జవాబు చెప్పగలవాడు రోగి ఒక్కడే.

తొలినాటి పరీక్షల్లో కొన్ని 1989లో వెలువడ్డాయి. నెదర్లాండ్స్‌లో 112 మందిపై మూడు రకాల మనోచికిత్సలను, చికిత్స కోసం వేచి ఉన్నవారితో పోల్చి చూశారు. అమెరికాలో టెరెన్స్ కీన్ బృందం 24 మంది వియత్నాం మాజీ సైనికులపై మరొక పరీక్ష చేసింది. వీటికంటె ఎక్కువగా తరువాతి పరిశోధనకు దారి చూపినది ఫిలడెల్ఫియాలో ఎడ్నా ఫోవా బృందం 45 మంది అత్యాచార బాధితురాళ్లపై నిర్వహించి 1991లో ప్రచురించిన అధ్యయనం. భయపెట్టే వస్తువుకు క్రమంగా దగ్గరైతే భయం తగ్గుతుందన్న జోసెఫ్ వోల్పే సిద్ధాంతాన్ని ఆధారం చేసుకుని ఫోవా తీర్చిదిద్దిన పద్ధతికి ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ అని పేరు. భయానికి చాలాసేపు ఎదురుగా నిలవడం అని దీని భావం. కళ్లు మూసుకుని, జరిగినదానిని ఇప్పుడే జరుగుతున్నట్టు వర్తమాన కాలంలో చెప్పడం, చెప్పినదానిని మళ్లీ మళ్లీ చెప్పడం, ఆ మాటలను టేపు చేసి ఇంటి దగ్గర వినడం, నడుమ నడుమ భయానికి సున్నా నుంచి వంద వరకు అంకె వేయడం ఇందులోని పని. చికిత్స ముగిసిన వెంటనే చూస్తే, ఆందోళనను అదుపు చేసే మెళకువలు నేర్పిన బృందమే ముందున్నది; మూడున్నర నెలల తరువాత చూస్తే ఎక్స్‌పోజర్ పొందినవారు ముందుకు వచ్చారు. ఎప్పుడు కొలిచామన్నది కూడా ఫలితంలో భాగమేనని ఈ అధ్యయనం నేర్పింది.

జరిగినదానికి తానే కారణమన్న ఆలోచనను ప్రశ్నించడం నేర్పే ప్యాట్రీషియా రెసిక్ పద్ధతి, కదిలే వేలిని చూపుతో వెంబడిస్తూ జ్ఞాపకాన్ని తలచుకునే ఫ్రాన్సిన్ షాపిరో పద్ధతి ఇదే దశాబ్దంలో నిలదొక్కుకున్నాయి. షాపిరో పద్ధతిలో మేలు కలుగుతున్నదని ఒప్పుకున్నవారు కూడా ఆ మేలులో కళ్ల కదలికకు ఎంత పాలున్నదన్న విషయంలో నేటికీ ఏకాభిప్రాయానికి రాలేదు. మందులలో సెర్ట్రలీన్‌పై 2000లో వెలువడిన అధ్యయనంలో 187 మందికి పన్నెండు వారాలు మందునో, మందు లేని మాత్రనో ఇచ్చి చూడగా, మందు తీసుకున్నవారిలో 53 శాతం, ఉత్త మాత్ర తీసుకున్నవారిలో 32 శాతం మెరుగుపడ్డారు. తేడా నిజమైనదే, కాని పెద్దది కాదు. 2007లో 284 మంది మహిళా సైనికులు, మాజీ సైనికులపై పౌలా ష్నర్ బృందం జరిపిన అధ్యయనంలో ఎక్స్‌పోజర్ పొందినవారిలో 41 శాతం రోగ నిర్ధారణ పరిధి దాటి బయటపడగా, ప్రస్తుత సమస్యలపైనే దృష్టి పెట్టిన చికిత్సలో ఆ సంఖ్య 27.8 శాతం. అయితే ఎక్స్‌పోజర్‌ను మధ్యలో మానుకున్నవారు 38 శాతం, రెండో చికిత్సను మానుకున్నవారు 21 శాతం. విజయాల శాతాన్ని చెప్పినప్పుడల్లా ఈ రెండో జంట అంకెలను కూడా చెప్పడం రోగుల పట్ల కనీస బాధ్యత.

పోలిక పద్ధతి విలువ అన్నిటికంటె స్పష్టంగా తేలినది సదుద్దేశంతో చేసిన సహాయం బెడిసికొట్టిన చోట. ప్రమాదం జరిగిన కొద్ది రోజుల్లోనే బాధితులను కూర్చోబెట్టి అనుభవాన్ని ఒక్క విడతలో చెప్పించే డీబ్రీఫింగ్ 1983లో జెఫ్రీ మిచెల్ ప్రతిపాదించిన తరువాత పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది మొదలుకొని ఎన్నో సంస్థలకు పాకింది. పాల్గొన్నవారిలో చాలామంది బాగుందనే చెప్పేవారు. 1997లో జొనాథన్ బిసన్ బృందం వేల్స్‌లో 133 మంది కాలిన గాయాల రోగులను పదమూడు నెలల పాటు గమనించగా, డీబ్రీఫింగ్ పొందినవారిలో 26 శాతానికి, పొందనివారిలో 9 శాతానికి పీటీఎస్‌డీ ఉన్నట్టు తేలింది. పోలిక బృందం లేకపోయి ఉంటే ఈ హాని ఎన్నటికీ కనబడేది కాదు, ఎందుకంటే హాని పొందినవారు తమకు మేలే జరిగిందని నమ్మి ఉండేవారు. 2005లో బ్రిటన్ మార్గదర్శకాలు ఈ పద్ధతిని అలవాటుగా వాడవద్దని చెప్పాయి.

రక్తపోటు తగ్గించే ప్రజోసిన్ అనే మందు పీడకలలను తగ్గిస్తుందని 2003లో పదిమంది వియత్నాం మాజీ సైనికులపై ముర్రే రాస్కిండ్ చేసిన అధ్యయనం ఆశ కల్పించింది గాని, అదే శాస్త్రవేత్త నాయకత్వంలో 13 ఆసుపత్రుల్లో 304 మందిపై జరిగి 2018లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఉత్త మాత్రకూ దానికీ తేడా కనబడలేదు. తన ఆశకు ప్రతికూలమైన ఫలితాన్ని తానే ముందుండి ప్రచురించడం గౌరవించదగిన పని. మనోచికిత్సకు తోడుగా ఎండీఎంఏ అనే మాదకద్రవ్యాన్ని ఇచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో ఫలితాలు బలంగానే ఉన్నా, మత్తు ప్రభావం వల్ల ఎవరికి మందు అందిందో రోగికీ, వైద్యుడికీ ఇట్టే తెలిసిపోతుందన్న ఆక్షేపణ నడుమ 2024 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి ఆమోదం నిరాకరించింది.

ఇవన్నీ శిక్షితులైన మానసిక నిపుణులు అందుబాటులో ఉన్న దేశాల పరిశోధనలు. అటువంటివారు వేళ్లమీద లెక్కించదగినంతమంది కూడా లేని చోట జరిగిన పరిశోధనకు తగినంత ప్రచారం దక్కలేదు. ఉగాండాలోని సూడాన్ శరణార్థులు 43 మందిపై ఫ్రాంక్ నాయినర్ బృందం 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టినది మొదలు నేటివరకు జీవితాన్ని వరుసగా చెప్పిస్తూ భయానక ఘట్టాలను ఆ కథలో వాటి చోట నిలబెట్టే నెరేటివ్ ఎక్స్‌పోజర్ పద్ధతి పొందినవారిలో ఏడాది తరువాత 29 శాతానికే పీటీఎస్‌డీ మిగలగా, పోలిక కోసం పెట్టిన తక్కిన రెండు బృందాల్లో అది 80 శాతం దరిదాపుల్లో నిలిచింది. ఆ తరువాత ఉగాండాలోనే రువాండా, సోమాలియా శరణార్థులు 277 మందికి, వైద్యులు కాని తోటి శరణార్థులనే కౌన్సిలర్లుగా తర్ఫీదు చేసి చికిత్స చేయించారు. తొమ్మిది నెలల తరువాత నెరేటివ్ ఎక్స్‌పోజర్ పొందినవారిలో 70 శాతం, సాధారణ కౌన్సిలింగ్ పొందినవారిలో 65 శాతం రోగ నిర్ధారణ పరిధి నుంచి బయటపడగా, కేవలం పరిశీలనలో ఉంచినవారిలో ఆ సంఖ్య 37 శాతం. ఆ చికిత్స చేసినవారు కూడా అదే శిబిరంలో నివసిస్తున్నవారే.