‘నీ గురించి రాయి’ అని అమెరికా ఎందుకు అడుగుతుంది?

మన దగ్గర సీటు అంటే ర్యాంకు. ఎప్‌సెట్‌లో (పాత ఎంసెట్) ఎంత వచ్చిందో చెబితే ఏ కాలేజీ, ఏ బ్రాంచి అన్నది కౌన్సెలింగ్‌లోనే తేలిపోతుంది. ర్యాంకు తెచ్చుకున్న పిల్లాణ్ని ‘అసలు నువ్వెవరు బాబూ?’ అని ఎవరూ అడగరు. అడిగితే మనకే కోపం వస్తుంది, ఇందులో ఏదో మతలబు ఉందని. అలా పెరిగిన పిల్లలు అమెరికా దరఖాస్తు దగ్గరికి వచ్చేసరికి బిగుసుకుపోతారు. గోపన్‌పల్లి నుంచి మా అన్న కొడుకు ఫోన్‌లో అడిగిందీ అదే: “జీఆర్‌ఈ అయింది, టోఫెల్ అయింది చిన్నాన్నా. ఎస్‌ఓపీలో, అదే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో, ఏం రాయాలి? చెప్పుకోడానికి నా దగ్గరేముంది?”

వాడికి ఫోన్‌లో చెప్పింది కొంతే. చాలాకాలంగా బోస్టన్ పక్కన ఉంటున్నవాణ్ని కాబట్టి ఈ ప్రశ్న ఎక్కడ పుట్టిందో వివరంగా చెప్పగలను. మొదటే ఒక మాట. ‘నీ గురించి రాయి’ అని ఈ దేశపు పెద్ద కాలేజీలు అడగడం వెనక మొదట్లో ఉన్న ఉద్దేశం మంచిది కాదు.

వందేళ్ల కిందట హార్వర్డ్‌లో చేరడం మన ఎంసెట్ పద్ధతికి దగ్గరగానే ఉండేది. ప్రవేశ పరీక్ష ఉండేది, అది పాసైతే సీటు. లాటిన్ లాంటి సబ్జెక్టులు ఉండేవి కాబట్టి డబ్బున్నవాళ్ల ప్రైవేటు బడుల్లో చదివినవాళ్లకే అనుకూలం, అది వేరే సంగతి. అయినా పరీక్ష పరీక్షే. తూర్పు ఐరోపా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన యూదుల పిల్లలు ఆ పరీక్షను గట్టిగా పట్టుకున్నారు. బట్టలు కుట్టేవాళ్ల పిల్లలు, బండి మీద సరుకు అమ్మేవాళ్ల పిల్లలు పగలూ రాత్రీ చదివి పాసయ్యారు. హార్వర్డ్‌లో చేరేవాళ్లలో 1900లో యూదులు నూటికి ఏడుగురు, 1922 నాటికి ఇరవై ఒక్కరు దాటారు. ఇది వింటుంటే మనవాళ్ల కథలాగే లేదూ?

అప్పటి హార్వర్డ్ అధ్యక్షుడు లారెన్స్ లోవెల్‌కి ఇది మింగుడు పడలేదు. 1922లో యూదులకు నూటికి పదిహేను అని హద్దు పెడదామన్నాడు, అదీ బాహాటంగా. పత్రికల్లో గోల అయింది, కమిటీ వేశారు, 1923లో ఆ కమిటీ కోటా వద్దంది. లోవెల్ మాత్రం వెనక్కి తగ్గలేదు. ముందు తలుపున కాకపోతే పక్క తలుపున అనుకున్నాడు. 1922 నుంచే దరఖాస్తు ఫారంలో కొత్త ప్రశ్నలు చేరాయి: జాతి ఏది, మతం ఏది, తల్లి పుట్టింటి పేరేమిటి, తండ్రి ఎక్కడ పుట్టాడు, నువ్వు పుట్టాక నీ పేరుగాని మీ నాన్న పేరుగాని మార్చారా. ఆ ఆఖరి ప్రశ్న ఎవరి కోసమో ఊహించడం కష్టం కాదు. 1926కి వచ్చేసరికి సీట్లకు వెయ్యి అని పరిమితి పెట్టారు, మార్కులతోపాటు ‘వ్యక్తిత్వం’ చూస్తామన్నారు, ఫొటో అంటించమన్నారు. ఆటపాటలు, నాయకత్వం, తన గురించి తాను రాసుకున్న వ్యాసం, పెద్దమనుషుల సిఫారసు ఉత్తరాలు — ఇవాళ మన పిల్లలు నింపుతున్న ఫారంలో సగం సరంజామా అప్పుడు కూడిందే. యేల్, ప్రిన్స్‌టన్ కూడా అదే దారి పట్టాయి. 1933లో లోవెల్ దిగిపోయేనాటికి హార్వర్డ్‌లో యూదుల వాటా ఆయన కోరుకున్న పదిహేను దగ్గరికి పడిపోయింది. కోటా అన్న మాట కాగితం మీద ఎక్కడా లేదు. జెరోమ్ కారబెల్ అనే సామాజిక శాస్త్రవేత్త 2005లో అచ్చేసిన ‘ద చోజెన్’ అనే లావాటి పుస్తకంలో ఈ తతంగమంతా ఆ విశ్వవిద్యాలయాల సొంత కాగితాల్లోంచే బయటికి తీశాడు.

సరిగ్గా ఆ కమిటీ కోటా వద్దన్న 1923లోనే మన భీమవరం మనిషి ఒకాయన బోస్టన్‌లో దిగాడు. యల్లాప్రగడ సుబ్బారావు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టిన పాపానికి పూర్తి డిగ్రీ బదులు ఎల్‌ఎంఎస్‌తో సరిపెట్టుకోవాల్సి వచ్చినవాడు, మామగారి సాయంతో, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో హార్వర్డ్ ఉష్ణమండల వైద్య పాఠశాలకు వచ్చాడు. చేతిలో డబ్బు లేక ఆస్పత్రిలో రాత్రిపూట పనివాడుగా చేశాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో ఇక్కడి సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థింద్ కేసులో భారతీయులు ‘తెల్లవాళ్లు’ కారని, పౌరసత్వానికి అర్హులు కారని తీర్పు చెప్పింది. అంటే ఒకవైపు కోర్టు, ఒకవైపు కాలేజీ ఫారం రెండూ ‘మీరు మావాళ్లా?’ అనే అడుగుతున్న రోజులవి. అక్కడి శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి ఫాస్ఫోక్రియాటిన్‌నీ, తర్వాత ఏటీపీనీ వెలికితీసిన మనిషికి హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీకి వెళ్లిపోయాడు, 1948లో పోయాడు, అమెరికా పౌరుడు కాకుండానే.

మరి అంత చెడ్డ పుట్టుక ఉన్న వ్యాసాన్ని మనం ఎందుకు రాయాలి? ఎందుకంటే బయట ఉంచడానికి పెట్టిన దాన్నే బయటున్నవాళ్లు లోపలికి రావడానికి వాడుకున్నారు. 1960ల పౌరహక్కుల పోరాటం తర్వాత నల్లవాళ్ల పిల్లలూ, పల్లెల పిల్లలూ, ఇంటి మొత్తంలో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్న పిల్లలూ తమ మార్కుల కాగితం చెప్పని సంగతి చెప్పుకోవడానికి ఈ వ్యాసమే చోటిచ్చింది. 1978లో బక్కీ కేసులో సుప్రీంకోర్టు కోటాలను కొట్టేసింది గానీ, దరఖాస్తులో జాతిని అనేక అంశాల్లో ఒకటిగా చూడొచ్చంది. 2023 జూన్ 29న అదే కోర్టు హార్వర్డ్ కేసులో ఆ వీలునూ తీసేసింది. ఆ కేసు నడుస్తుండగా బయటపడ్డ ఒక సంగతి మనవాళ్లు తెలుసుకోవాలి: ఆసియా మూలాలున్న పిల్లలకు మార్కులు బాగా వచ్చినా, ‘వ్యక్తిత్వం’ అనే గడిలో హార్వర్డ్ వేసిన అంకెలు సగటున తక్కువగా ఉన్నాయి. అది వివక్షేనని కింది కోర్టు ఒప్పుకోలేదు, సుప్రీంకోర్టు ఆ సంగతి విడిగా తేల్చలేదు. వందేళ్లు గడిచినా ఆ గడి మీద తగాదా తీరలేదన్నమాట. అయితే తీర్పు రాసిన జాన్ రాబర్ట్స్ ఒక సందు వదిలాడు. జాతి తన బతుకును ఎలా తాకిందో విద్యార్థి సొంత అనుభవంగా రాస్తే దాన్ని చదవకూడదని మేమనడం లేదన్నాడు. అప్పటినుంచి చాలా కాలేజీలు ప్రశ్నలు మార్చుకున్నాయి. వ్యాసం బరువు ఇంకా పెరిగింది.

ఇక్కడిదాకా చెప్పింది ఇంటర్ అయ్యాక బీఎస్ చదవడానికి వచ్చే పిల్లల సంగతి. మనవాళ్లలో వాళ్లు తక్కువ. 2023-24లో అమెరికాలో ఉన్న భారత విద్యార్థులు 3,31,602 మంది. ఆ ఏడాది చైనాను దాటి మనదే మొదటి స్థానం. అందులో బీఎస్ స్థాయి వాళ్లు 36 వేలే, పీజీ వాళ్లు దాదాపు 2 లక్షలు. మన గోపన్‌పల్లి, నల్లగండ్ల, తెల్లాపూర్ అపార్ట్‌మెంట్లలో నడుస్తున్న దరఖాస్తులు ఎక్కువగా ఎంఎస్‌వే. ఎంఎస్, పీహెచ్‌డీకి అడిగే ఎస్‌ఓపీ పుట్టింది మరో వంశంలో. మన పిల్లలు తప్పటడుగు వేసేది ఇక్కడే అని నాకనిపిస్తుంది.

1876లో బాల్టిమోర్‌లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం మొదలైంది, జర్మనీ పద్ధతిలో పరిశోధనకు పెద్దపీట వేస్తూ. అక్కడ ప్రొఫెసర్లు తమతో కలిసి పనిచేయగలవాళ్లను వెతుక్కున్నారు. నువ్వు మంచి కుటుంబీకుడివా, పడవ నడుపుతావా అన్న గొడవ వాళ్లకు పట్టదు. ఏం చదివావు, ఏం చేశావు, ఇక్కడ ఏం చేద్దామనుకుంటున్నావు, నా దగ్గరికే ఎందుకు — ఇంతే. ఇలాంటి ఉత్తరానికి నాకు తెలిసిన గొప్ప నమూనా మన దేశపు అమ్మాయి రాసిందే. 1883లో ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాలకు ఉత్తరం రాసింది. ఇంతవరకు ఏ చదువు చదివిందో చెప్పింది. వాళ్లు అడిగే అర్హతలన్నీ తనకు లేకపోవచ్చని దాచకుండా ఒప్పుకుంది. మగ డాక్టరు చేత చూపించుకోవడం కన్నా చావే నయమనుకునే తన దేశపు ఆడవాళ్లకు వైద్యం చేయడానికే వస్తున్నానంది. తన కులంవాళ్లూ స్నేహితులూ వద్దన్నా దాటుకుని వచ్చిన పట్టుదలే చదువు పూర్తి చేయిస్తుందంది. చేర్చుకున్నారు. 1886లో డాక్టరై బయటికి వచ్చింది. ఆ ఉత్తరంలో అలంకారం లేదు, పొగడ్త లేదు, బాల్యం నాటి కలలు లేవు.

మరి మనవాళ్లు పంపే ఎస్‌ఓపీలు? తెలిసినవాళ్ల పిల్లలవి చూస్తూ ఉంటాను. చిన్నప్పుడు రిమోట్ కారు విప్పి చూశాను, అప్పుడే ఇంజనీర్ని కావాలనుకున్నాను. లేదా అబ్దుల్ కలాం గారి మాట విని నిద్ర పట్టలేదు. ఆ తర్వాత ‘ప్రపంచ ప్రసిద్ధి చెందిన మీ విశ్వవిద్యాలయం’. పేరొక్కటి మారిస్తే పది విశ్వవిద్యాలయాలకు అదే. చదివే ప్రొఫెసర్‌కి ఇది పెళ్లి శుభలేఖ లాంటిది: పేర్లు తప్ప అన్నీ ముందే అచ్చయి ఉంటాయి. ఈ జబ్బు మనకొక్కరికే లేదులెండి. 2007లో బ్రిటన్‌లో దరఖాస్తులు చూసే యూకాస్ సంస్థ 50 వేల వ్యాసాలు కంప్యూటర్‌తో పోల్చి చూస్తే, ఎనిమిదో ఏట రసాయనాలతో ఆడుతూ పైజామాకి బొక్క పెట్టుకున్నామని 234 మంది రాశారు. ఒకే పైజామా, ఒకే నమూనా వ్యాసం! ఇప్పుడు ఆ అచ్చు పని చాట్‌బాట్‌లు ఇంకా నున్నగా చేసిపెడుతున్నాయి.

చెప్పుకోడానికి ఏముంది అని అడిగే పిల్లలకు నా జవాబు: ఊరి చుట్టూ ఒకసారి చూడండి. లేజర్లతో, ఎన్‌ఎంఆర్ యంత్రాలతో పరిశోధన జరిగే టీఐఎఫ్‌ఆర్ హైదరాబాద్ క్యాంపస్ గోపన్‌పల్లిలోనే ఉంది. కూతవేటు దూరంలో సెంట్రల్ యూనివర్సిటీ. కలిఫోర్నియా గ్యారేజీల్లో కంపెనీలు ఎలా పుట్టాయో రాసే పిల్లాడు ఈ రెండు సంస్థల గేట్ల ముందునుంచే రోజూ బైక్ మీద పోతున్నాడు. 2024 జూలైలో గోపన్‌పల్లి ఫ్లైఓవర్ తెరిచారు. దాని ముందూ వెనకా ఏ టైములో ట్రాఫిక్ ఎక్కడికి జరిగిందో ఫోన్ కెమెరాతో నాలుగు వారాలు లెక్కగట్టి, లెక్క ఎక్కడ తప్పిందో కూడా రాసిన విద్యార్థి ఉన్నాడనుకుందాం. డేటా సైన్స్ ఎంఎస్‌కి ఆ రెండు పేరాలు చాలు. బీఎస్‌కి దరఖాస్తు పెట్టే అమ్మాయి ఒకామె ఉందనుకుందాం. వాళ్లమ్మ ఐటీ బ్యాచిలర్ల కోసం కర్రీ పాయింట్ నడుపుతుంది, లెక్కలు ఈ పిల్ల చూస్తుంది. కరోనాతో ఆఫీసులు ఇళ్లకు పోయినప్పుడు పప్పు, సాంబారు ఎన్ని ప్యాకెట్లు తగ్గాయి, ఎవరికి అప్పు పెట్టారు, ఎవరు తీర్చారు — కాలేజీల ఉమ్మడి దరఖాస్తు కామన్ యాప్ ఇచ్చే 650 పదాలు వీటికే సరిపోవు. ఇలాంటిది రాస్తే నామోషీ అనుకోకండి. తండ్రి ఎక్కడ పుట్టాడు అని ఒకప్పుడు ఏరిపారేయడానికి అడిగిన ప్రశ్నకు సిగ్గుపడకుండా ఇచ్చే జవాబు ఇదే.

అయితే ఈ కర్రీ పాయింట్ కథను ఎంఎస్ ఎస్‌ఓపీలో పెడితే సగం కాగితం వృథా. అక్కడ పని గురించే చెప్పాలి. బర్కిలీ లాంటి చోట్ల ఎస్‌ఓపీ వేరు, స్వీయ చరిత్ర వేరు అని రెండు కాగితాలు విడివిడిగా అడుగుతారు. ఏది ఎందులో పెట్టాలో ఆ ప్రశ్నల్లోనే ఉంది. ప్రశ్నను రెండుసార్లు చదవని పిల్లలు ఎంతమందో!

ఇంకో చేదు సంగతి. మన ఎస్‌ఓపీల్లో లోపం ఇంగ్లిష్‌ది కాదు. బీటెక్ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు డబ్బిచ్చి కొనుక్కున్నవాడికి, ఆ ప్రాజెక్టులో ఏది కుదరలేదో తెలియదు. ఏది కుదరలేదో తెలియనివాడు దాని గురించి రెండు వాక్యాలు కూడా నిజంగా రాయలేడు. అప్పుడు విశేషణాలు వచ్చి చేరతాయి. ఆ తర్వాత నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్ వీసా కిటికీ ముందు ‘ఈ యూనివర్సిటీ ఎందుకు?’ అని అడిగితే, తాను సంతకం పెట్టిన కాగితంలో ఏముందో తనకే గుర్తు రాదు. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేయండి, నేనేమీ అనను. కానీ ఆ జవాబు బాలాజీ చెప్పడు.

ఎస్‌ఓపీ ఎంత బాగున్నా దానికీ ఒక హద్దుంది. ఫీజు కట్టించుకుని వందల మందిని చేర్చుకునే ఎంఎస్ కోర్సుల్లో మార్కులే ముందు చూస్తారు, ఉత్తరం తర్వాతి మాట. పీహెచ్‌డీకి, ఫండింగ్ దొరికే సీట్లకు మాత్రం ప్రొఫెసర్లే కూర్చుని చదువుతారు. అక్కడే ఇది నిలబెడుతుంది, అక్కడే పడగొడుతుంది.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం: ఎస్‌ఓపీ రాసిపెట్టేవాళ్లకు ఇచ్చే డబ్బు పిల్లాడి చేతికివ్వండి, ఒక సెన్సరో, పుస్తకమో, వేసవి సెలవుల్లో ఎక్కడైనా ల్యాబ్‌కు వెళ్లిరావడానికి బస్సు పాసో కొనుక్కుంటాడు. పిల్లలకు: మొదటి చిత్తుప్రతి మీకు చేతనైన భాషలో, తెలుగైనా సరే, మీరే రాయండి, తర్వాత ఇంగ్లిష్ దిద్దించుకోండి. పెద్ద విశ్వవిద్యాలయాల గడువులు చాలావరకు డిసెంబర్ మధ్యలో ముగుస్తాయి. ఆగస్టులో మొదలుపెడితే తొందర ఉండదు.