మన్యంలో రక్తహీనత: ఒకటే మాట, రెండు జబ్బులు

మన ఊళ్లలో గర్భిణుల కార్డుల మీద తరచు కనిపించే మాట రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి అది ఉంది. మన్యంలో మాత్రం ఈ ఒక్క మాట కింద రెండు వేర్వేరు జబ్బులు దాగి ఉన్నాయి. ఒకటి ఒంట్లో ఇనుము చాలక వచ్చేది. రెండోది తల్లిదండ్రుల నుంచి పుట్టుకతో వచ్చే సికిల్ సెల్. వీటి చరిత్రా వేరు, వైద్యమూ వేరు.

ముందు రెండోదాని సంగతి చూద్దాం. 1879 రంప పితూరీని అణచడానికి కొండలెక్కిన బ్రిటిష్ సైనికులు ఎందరో జ్వరాలతో మంచాన పడ్డారు. కొండగాలి, కొండనీరు పడవని మైదానంవాళ్లు అనుకునేవారు. 1897లో సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాక గాని గుట్టు తెలియలేదు. మరి ఆ దోమల మధ్యే తరతరాలుగా బతికిన మనవాళ్ల మాటేమిటి? 1954లో ఆంథొనీ అల్లిసన్ తూర్పు ఆఫ్రికాలో పరిశోధించి ఒక జవాబు చెప్పాడు. సికిల్ జన్యువు ఒక్కరి నుంచే, అంటే తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే, ఆ బిడ్డకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. ఇద్దరి నుంచీ వస్తే మాత్రం ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి, త్వరగా చితికిపోతాయి. కీళ్ల నొప్పులు, పచ్చబడే కళ్లు, మాటిమాటికీ జ్వరం వస్తాయి. అంటే మలేరియా ఉన్న చోటే ఈ జన్యువు నిలిచింది. ఇది ఏ కులం తప్పూ కాదు, ఎవరి శాపమూ కాదు. ఒకే ఇంట్లో పిల్లలు వరసగా పోతే చిల్లంగి అని అనుమానించిన రోజులున్నాయి కాబట్టి ఈ మాట గట్టిగానే చెప్పాలి.

ఈ జబ్బును వైద్య గ్రంథాలకు ఎక్కించింది 1910లో షికాగో వైద్యుడు హెరిక్. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లోను, ఎగువ అస్సాం తేయాకు కూలీల్లోను కనుగొన్నారు. విశాఖ ఏజెన్సీ తెగల్లోనూ ఉందని ఆ తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

ఇక ఇనుము సంగతి. 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజం మన అరకు సొరంగాల గుండానే విశాఖ రేవుకు దిగి జపాను వెళ్లింది. ఉక్కు కర్మాగారానికీ బైలదిల్లా ఖనిజమే ఆధారం. అంత ఇనుము కళ్లముందు పోతుంటే పట్టాల పక్క ఊళ్ల ఆడవాళ్ల రక్తంలో ఇనుము లేదు! చోడి అంబలి, సామ అన్నం ఉన్న పళ్లెంలోకి కోటా బియ్యం వచ్చింది. ఆకలి తీర్చినందుకు దాన్ని తప్పుపట్టలేం గాని, పాలిష్ బియ్యంలో ఇనుము చోళ్లలో ఉన్నంత ఉండదు. దానికి తోడు కాన్పు మీద కాన్పు, కడుపులో కొంకి పురుగులు. భోజనంతోపాటు తాగే టీ, కాఫీ కూడా ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. కాఫీ పండించే మనకిది కాస్త చేదు వార్తే.

1970 నుంచి ప్రభుత్వం ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలు పంచుతోంది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో అమెరికాలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. సికిల్ సెల్ రోగులకూ ఫోలిక్ ఆమ్లం ఇస్తారు. ఇనుము సంగతి అలా కాదు. పలుమార్లు రక్తం ఎక్కించుకున్నవారి ఒంట్లో అది పేరుకుపోయి గుండెను, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే అందరికీ ఒకే మాత్ర ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, ఏ రక్తహీనతో పరీక్షతో తేల్చాలి.

2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి ఆ పరీక్ష చేయాలని పెట్టుకుంది. మన రాష్ట్రంలో 2020 నుంచి ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది. పాడేరులో 2024లో వైద్య కళాశాల తెరిచారు. అంతకు ముందు పెద్ద జబ్బు ఏదైనా ఘాటు దిగి విశాఖ కేజీహెచ్‌కు రావలసిందే.

మేనరికాలు మన ఆచారం. సంబంధం కలుపుకునేముందు అబ్బాయికీ అమ్మాయికీ సికిల్ పరీక్ష చేయించండి. ఒక్కరికే జన్యువు ఉంటే పిల్లలకు జబ్బు రాదు, ఆ సంబంధం వదులుకోనక్కర్లేదు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.