చరరాశి
ప్రోగ్రామ్ నడుస్తుండగానే చరరాశులు పుట్టించాలని వడ్డేపల్లిలో ఇంజనీరింగ్ పిలగాడొకడు అంటుంటే, పంచాంగం తెలిసిన పెద్దాయన అడ్డం పడ్డాడు: 'కొత్తగా పుట్టించేదేముంది నాయనా, ఉన్నవి నాలుగే. మేషం, కర్కాటకం, తుల, మకరం.' ఆయన మాటా నిజమే. కదలడమనే 'చర్' ధాతువు నుంచే చరాస్తి, సంచారం, చరాచరం వచ్చాయి. 'రాశి' అంటే సంస్కృతంలో కుప్ప. కల్లంలో ఆ అర్థం ఇంకా చెల్లుతోంది. జ్యోతిషంలో అది నక్షత్రాల గుంపు, లెక్కల్లో పరిమాణం. బడిపుస్తకం వేరియబుల్‌ను చరరాశి అనేసరికి చిక్కొచ్చింది: అక్కడ విలువ మారాలి గానీ కదలడమెందుకు? పాత గణితజ్ఞులు 'అవ్యక్తం' అన్నారు, నాకదే ఇష్టం. 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడి 'బీజగణితం'లో తెలియని మొదటి రాశి యావత్తావత్తు. ఇంకా కావాలంటే కాలకం, నీలకం, పీతకం అంటూ రంగుల పేర్లు. అవసరం పడినకొద్దీ పేరు పుట్టించడమంటే అదే! పైథాన్‌లోనూ అలా చేయొచ్చు గానీ, ఆరితేరినవాళ్లు వద్దంటారు. పేర్లూ విలువలూ జతచేసి ఒక్క డిక్షనరీలో దాచుకోమంటారు. నిఘంటువులతో కాలక్షేపం చేసే నాకు ఇంతకన్నా మంచి సలహా కనబడలేదు.