మూలన చిక్కిన శకటు

2024 డిసెంబరు 12, గురువారం. సింగపూర్‌లో సాయంత్రం 5 గంటలకు మొదలైన ప్రపంచ చదరంగ పోటీ చివరి ఆట మాకు టెక్సస్‌లోని కాపెల్‌లో తెల్లవారుజామున 3 గంటలకు మొదలైంది. డెంటన్ ట్యాప్ రోడ్డు మీద ఇంకా కార్ల చప్పుడు లేదు. ఒకే దుప్పటి కప్పుకుని నేనూ మా అబ్బాయీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాం. స్కూలుకు వెళ్లే వేళకు ఆట ముగిసింది. "నాన్నా, గుకేశ్ గెలిచాడు!" అని వాడు వేసిన కేకకు పై గదిలో నిద్రపోతున్న వాళ్లమ్మ లేచింది.

ఆ పొద్దున మా వాట్సాప్ గ్రూపులు ఊపిరి పీల్చుకోలేదు. పద్దెనిమిదేళ్లకే ప్రపంచ విజేత. చెన్నైలో పుట్టిన తెలుగింటి బిడ్డ. పైగా అతని సహాయక బృందంలో మన గుంటూరు పెంటేల హరికృష్ణ. కాపెల్‌కు చదరంగం కొత్త కాదు. ఈ ఊరి కుర్రవాడు జెఫరీ షియాంగ్ 2016లో భువనేశ్వర్ వెళ్లి ప్రపంచ జూనియర్ టైటిల్ గెలుచుకొచ్చాడు. కనుక సంబరానికి లోటు లేదు. గుకేశ్ తెలుగువాడా, తమిళుడా అన్న వాదన కూడా మధ్యాహ్నానికల్లా ముదిరింది. బోర్డుకు అవతల కూర్చున్న మనిషి గురించి మాత్రం ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. నేనూ రాయలేదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను.

ఆయన పేరు డింగ్ లిరెన్. చైనాలోని వెన్‌జౌలో 1992లో పుట్టాడు. 2017, 2018 సంవత్సరాల్లో వరసగా నూరు క్లాసికల్ ఆటలు ఓటమి లేకుండా ఆడాడు. అంతకుముందు అగ్రశ్రేణిలో ఎవరికీ సాధ్యం కాని పని అది. రేటింగ్ 2816 దాకా వెళ్లింది. 2023 ఏప్రిల్ 30న అస్తానాలో ఇయాన్ నెపోమ్‌నియాషీని ర్యాపిడ్ టైబ్రేక్‌లో ఓడించి ప్రపంచ విజేత అయ్యాడు. ఆ చివరి ఆటలో గడియారంలో నిమిషం, నిమిషంన్నర మిగిలి ఉండగా, డ్రా చేతిలో ఉండి కూడా వద్దనుకున్నాడు. రాజుకు అడ్డంగా ఏనుగును జీ6 గడిలో నిలబెట్టి, గెలుపు కోసం పోరాడాడు. చదరంగం తెలిసినవాళ్లు ఆ ఎత్తును తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కిరీటం వచ్చాక మనిషి కుంగిపోయాడు. మానసిక క్షోభతో నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. తిరిగి వచ్చాక 2024 జనవరి తర్వాత ఒక్క క్లాసికల్ ఆట కూడా గెలవలేకపోయాడు. రేటింగ్ 2728కి జారింది. గుకేశ్‌ది 2783. సింగపూర్‌కు బయల్దేరేటప్పుడు ఆయన నిలబడతాడని అనుకున్నవాళ్లు తక్కువ. అయినా మొదటి ఆటలోనే, అదీ నల్లపావులతో, గెలిచాడు. 304 రోజుల తర్వాత దక్కిన గెలుపు. మూడో ఆట, పదకొండో ఆట గుకేశ్‌వి. పన్నెండో ఆటలో డింగ్ మళ్లీ లేచి సమం చేశాడు. ఆ పన్నెండో ఆట చూసినవాళ్లెవరూ ఆయన్ను బలహీన విజేత అనకూడదు. పదమూడు ఆటలు ముగిసేసరికి చెరో ఆరున్నర పాయింట్లు.

పద్నాలుగోదైన చివరి ఆటలో తెల్లపావులు డింగ్‌వి. 29వ ఎత్తులో ఒక బంటును వదులుకున్నాడు. మంత్రులు పోయాయి, చెరో ఏనుగూ పోయింది. ఒక బంటు తక్కువైనా కాపాడుకోగల స్థితి. డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్ టైబ్రేక్. అందులో డింగ్‌దే పైచేయి అని అందరి అంచనా. కనుక డ్రా కోరడం పిరికితనం కాదు, లెక్కే. కానీ అస్తానాలో చేతిలో ఉన్న డ్రాను తోసేసిన మనిషి, ఇక్కడ దాన్ని రెండు చేతులా పట్టుకోబోయాడు. నా బాధంతా అక్కడే.

ఆ చివరి ఎత్తులను ఎన్నిసార్లు వేసి చూశానో లెక్కలేదు. 44వ ఎత్తు నుంచీ డింగ్ శకటు బి7లో ఉంది. 52వ ఎత్తులో గుకేశ్ ఏనుగు బి2కి వచ్చి దాని మీద కన్నేసింది. డింగ్ దాన్ని ఎ8కి, బోర్డు మూలకి, తప్పించాడు. దూరంగా, భద్రంగా ఉన్నట్టే కనిపించింది. రెండెత్తుల తర్వాత నల్లరాజు ఇ5కి వచ్చి ఎఫ్4లోని ఏనుగును బెదిరించాడు. ఏనుగును అదే వరుసలో ఎ4కి జరిపితే చాలు, ఆట నిలబడేది. డింగ్ ఎఫ్2కి తెచ్చాడు. ఏనుగులు మారిపోతే ఈ భారం తీరుతుందనుకున్నాడు కాబోలు.

ఏనుగులు మారాయి. నల్లశకటు డి5కి వచ్చి నిలిచింది, దాని పక్కన రాజు కాపు. డింగ్ శకటు బి7లో ఉండి ఉంటే ఎ6కో సి8కో తప్పుకునేది. ఎ8 నుంచి ఉన్నది ఒక్కటే దారి, ఆ దారికి అడ్డంగా శత్రువు. మారక తప్పదు. మారితే మిగిలేది రాజులు, రెండు బంట్లకు ఎదురు ఒకే బంటు. దాన్ని ఎవరూ కాపాడలేరు.

గుకేశ్‌కు కూడా మొదట తట్టలేదు. ఏనుగును బి3కి ఆడబోయానని తర్వాత అతనే చెప్పాడు. అంతలో తట్టింది. డింగ్ బల్ల మీదికి వంగిపోయాడు. 58వ ఎత్తు తర్వాత చెయ్యి కలిపి, కాగితం మీద సంతకం చేసి వెళ్లిపోయాడు. గుకేశ్ ఏడుస్తూ పావులన్నింటినీ మళ్లీ వాటి వాటి గళ్లలో పేర్చి, బోర్డుకు దణ్ణం పెట్టాడు.

డింగ్ కావాలనే ఓడాడన్న మాట కూడా కొందరు అన్నారు. అది ఘోరమైన అన్యాయం. దాదాపు మూడు వారాలు ఆ ఒత్తిడిని మోసిన మనిషిని అనదగిన మాట కాదది. ఆయన్ను నిజమైన ప్రపంచ విజేతగా గౌరవించినవాడు ఆ రోజు గుకేశే. డింగ్ మాత్రం తనకు విచారం లేదనీ, ఆడుతూనే ఉంటాననీ చెప్పాడు.

మీ పిల్లలకు ఈ ఆట చూపించేటప్పుడు బోర్డును తెల్లపావుల వైపుకు తిప్పండి. 53వ ఎత్తు దగ్గర ఆపి, ఎ8లోని శకటును చూపించండి. కాసేపు వాళ్లను ఆ కుర్చీలో కూర్చోనివ్వండి.