కదలని గీత: పోట్స్‌డామ్, 1904

అన్నలూ, తమ్ముళ్లూ, ఈసారి ఎపిసోడ్‌లో నేను చెప్పింది తొందరలో అయిపోయింది. డ్యూటీ దిగొచ్చి రికార్డు చేశా, సగం మింగేశా. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నా.

బెర్లిన్ పక్కనే పోట్స్‌డామ్. అక్కడ టెలిగ్రాఫెన్‌బెర్గ్ అని ఒక గుట్ట. 1899లో దాని మీద పెద్ద టెలిస్కోపు పెట్టారు. ఫొటోలు తీసే అద్దం అడ్డకొలత 80 సెంటీమీటర్లు. దాని దగ్గర పనిచేసేవాడు యోహానెస్ హార్ట్‌మన్, ఎర్ఫుర్ట్‌లో పుట్టినవాడు.

ఆయన పట్టుకున్న చుక్క మనకు తెలిసిందే. చలికాలం రాత్రి వరసగా మూడు చుక్కలు కనబడతాయి కదా, మా నాయనమ్మ గొల్లకావడి అనేది. వాటిలో పడమటి కొసది. పుస్తకాల్లో డెల్టా ఓరియోనిస్. కంటికి ఒకటే గానీ, నిజానికి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట. ఒక చుట్టుకు 5.7 రోజులు.

తిరుగుతోందని ఎట్ల తెలుస్తుంది? వెలుగును రంగులుగా విడదీస్తే మధ్యలో నల్లగీతలు కనబడతాయి. సూర్యుడి వెలుగులో వాటిని వందల లెక్కన కొలిచి పెట్టింది ఫ్రౌన్‌హోఫర్, 1814లో. ఈయన సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పదకొండేళ్లకే తల్లీతండ్రీ లేరు. మ్యూనిక్‌లో అద్దాల పనికి అప్రెంటిస్‌గా చేరాడు. 1801లో ఆ ఇల్లు కూలి, శిథిలాల కింద చిక్కుకున్నాడు. బతికి బయటపడ్డ పిల్లాడికి బవేరియా ఏలిక డబ్బిస్తే చదువుకు దారి దొరికింది. మనలాంటి పనివాడే. తర్వాత 1859లో హైడెల్‌బర్గ్‌లో కిర్హాఫ్, బున్సెన్ ఒక్కో మూలకానికి దాని సొంత గీతలుంటాయని తేల్చారు. చుక్క మనవైపు వస్తుంటే ఆ గీతలు నీలం వైపు, దూరం పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి.

హార్ట్‌మన్ ప్లేట్లలో గీతలు అట్లనే అటూ ఇటూ ఊగాయి. ఒకటి తప్ప. కాల్షియం గీత. మిగతావి వెడల్పుగా, మసకగా ఉంటే, ఇది సన్నగా, పదునుగా, కదలకుండా ఉంది.

ఇక్కడ నా సంగతి ఒకటి. కొన్నేళ్ల కిందట ఒక సైటులో బేస్‌మెంట్ తవ్వుతున్నాం. పక్కనున్న పాత గోడ మీద పాయింట్లు పెట్టి లెవెల్ రీడింగులు తీసేవాళ్లం. అన్నీ మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు దిగుతున్నాయి, ఒకటి మాత్రం కదలదు. పాయింటు సరిగ్గా అతకలేదనుకొని కొట్టేశా. నాతో ఉన్న కుర్రాడు, "అన్నా, మూడు వారాలుగా ఒకటే వస్తోందే" అన్నాడు. వినలేదు. ఆ పాయింటు పక్కనే గోడ పగిలింది. తవ్వి చూస్తే కింద పాత కాంక్రీటు దిమ్మె. చుట్టూ గోడ దిగుతుంటే అక్కడ మాత్రం దిగనివ్వలేదు. మాటలు పడింది ఆ కుర్రాడు. తప్పు నాదని ఆ రోజు నోరు విప్పలేదు.

హార్ట్‌మన్ కొట్టెయ్యలేదు. 1904లో అచ్చు వేయించాడు: ఆ గీత చుక్కది కాదు, చుక్కకూ మనకూ నడుమ ఎక్కడో ఉన్న కాల్షియం ఆవిరిది అని. కాల్షియమంటే మన సున్నంలోది, సిమెంటులోది! చుక్కల నడుమ ఖాళీ అనుకున్న చోట వాయువుందనడానికి అదే మొదటి ఆధారం. వెంటనే అందరూ ఒప్పుకోలేదు. ఆ ఆవిరి చుక్కను అంటిపెట్టుకునే ఉందేమో అన్న వాదన ఇరవై ఏళ్లు నడిచింది. 1919లో కాలిఫోర్నియాలో మేరీ హెగర్‌కు సోడియం గీతలూ అట్లనే కదలకుండా కనబడ్డాయి.

హార్ట్‌మన్ 1909లో గోటింగెన్‌లో ప్రొఫెసరయ్యాడు. 1921లో పనికోసం సముద్రం దాటి అర్జెంటీనా పోయాడు, లా ప్లాటా అబ్జర్వేటరీ నడపడానికి. అప్పటికి యాభై దాటాయి. ఆ వయసులో కొత్త భాష మధ్యకు పోవడం ఎట్లుంటుందో మనకు చెప్పక్కర్లేదు.

ఆ వాయువులో ఎక్కువ భాగం చల్లని హైడ్రోజన్, కంటికి కనబడదు. రేడియోలో 21 సెంటీమీటర్ల అల దగ్గర వినబడుతుంది. 1951 నుంచి దాన్ని వింటున్నారు, చుక్కలు పుట్టేది ఇట్లాంటి వాయువులోంచే కాబట్టి. బాన్ దగ్గర ఎఫెల్స్‌బర్గ్‌లో 100 మీటర్ల డిష్ 1972 నుంచి ఈ పనిలో ఉంది. బయటి రేడియో సిగ్నళ్లు తగలకుండా లోయలో కట్టారు. కదిలే బరువు 3,200 టన్నులు. ఇంత ఇనుము వంచితే వంగక మానదు. అందుకని వంగినా గిన్నె ఆకారం చెడకుండా లెక్కగట్టి కట్టారు, వంగేకొద్దీ రిసీవర్‌ను జరుపుకుంటారు. 1977లో దాంతోనే మన గెలాక్సీ బయట, ఎం33 అనే ఇంకో గెలాక్సీలో, నీటి ఆవిరి జాడ మొదటిసారి పట్టారు.

కుర్రాడు ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నాడు. ఈ ఎపిసోడ్ లింకు పంపించా. ఇంకా తెరవలేదు.