దోచుకోవడానికి వచ్చి ఇంటిదైన మాట

ఇంగ్లిషు బడిలో పిల్లలు మొదటి ఏడాదిలోనే నేర్చే 'టేక్' అనే క్రియ నిజానికి ఆ ఇంట పుట్టింది కాదు. తొలినాళ్ల ఇంగ్లండులో 'తీసుకొను' అనడానికి 'నిమన్' అనేవారు. జర్మన్లు నేటికీ వాడే 'నేమెన్' దానికి తోబుట్టువు. 793లో వైకింగులు ఇంగ్లండులోని లిండిస్ఫార్న్ మఠాన్ని కొల్లగొట్టారు. వారి వెనక వచ్చిన డేన్లు తర్వాతి శతాబ్దంలో కత్తి పక్కనబెట్టి, తూర్పు, ఉత్తర సీమల్లో నాగలి పట్టారు. వారి నాలుక మీద వచ్చిన మాట 'టాక'. చేత్తో పట్టుకోవడం, తాకడం దాని తొలి అర్థాలు. మన 'తాకు'తో పోలిక కాకతాళీయమే గానీ, చెవికి ముచ్చటగానే ఉంటుంది.

ఇరుగుపొరుగు కాపురాలు మాటల్ని కలిపేశాయి. 11వ శతాబ్దం చివరికి ఆంగ్లో-శాక్సన్ క్రానికల్ అనే చరిత్ర గ్రంథం రాతల్లోనే ఈ క్రియ కనిపిస్తుంది. 1066లో నార్మన్లు గెలిచి, కొలువులో ఫ్రెంచి రాజ్యమేలినా ఇది చెక్కుచెదరలేదు. దక్షిణాన కొన్ని తరాలు నిలదొక్కుకున్న 'నిమన్' మాత్రం మధ్యయుగాలు ముగిసేసరికి వెనకబడి, చివరికి 'కాజేయు' అనే అర్థంతో దొంగల యాసలో తలదాచుకుంది. షేక్‌స్పియర్ 'ఐదవ హెన్రీ' నాటకంలో చేతివాటం సిపాయికి 'నిమ్' అన్న పేరు అతికినట్టు కుదిరింది అందుకే. దోచుకోవడానికి వచ్చినవారి మాట గృహస్థుల నోట నిలిచింది, గృహస్థుల మాట దొంగల పాలైంది. తిమ్మిరిని చెప్పే 'నమ్', చురుకును చెప్పే 'నింబుల్' ఆ పాత ఇంటి ఆనవాళ్లు.

1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువులో 'టేక్' ఒక్కదానికే 134 అర్థాలు వివరించాల్సి వచ్చింది. ఇలాంటి పొట్టి క్రియలే తనను ముప్పుతిప్పలు పెట్టాయని ముందుమాటలో మొరపెట్టుకున్నాడు. చేతి పట్టు సడలే కొద్దీ 'టేక్' పరిధి పెరిగింది: వస్తువుతో మొదలై సలహాకు, సమయానికి, బాధ్యతకు పాకింది. 'అప్', 'ఓవర్' వంటి చిన్న మాటల తోడుతో కొత్త అర్థాలు సంపాదించింది. ఒకప్పుడు గెంతుకు చెప్పిన 'టేకాఫ్', 20వ శతాబ్దంలో విమానం ఎక్కింది.

ఇంగ్లిషు ఒక్క క్రియ మీద మోపిన ఈ బరువును తెలుగు పదిమందికి పంచింది. మనం మందు వేసుకుంటాం, సెలవు పెడతాం, పరీక్ష రాస్తాం, రైలు ఎక్కుతాం, ఫొటో తీస్తాం. పనికేమో గంట పడుతుంది. 'రిస్క్ తీసుకోవడం' వంటి పలుకుబడుల్లో మాత్రం ఇంగ్లిషు నీడ స్పష్టం. ఇక సినిమా సెట్లో 'టేక్' నామవాచకమై నిలిచింది. 'ఇంకో టేక్ చేద్దాం' అని దర్శకుడు కేక వేయగానే నటుడు మళ్లీ ముఖం తుడుచుకుంటాడు. పడవల్లో సముద్రం దాటిన మాట అక్కడ మన 'చేద్దాం' చెయ్యి పట్టుకుని నడుస్తుంది.